ఆవర్జా లేని చిట్టా: బ్లాక్‌హోల్ పట్టికలూ బైనరీ లాగ్ చరిత్రా

రిలేషనల్ డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ సాధారణంగా రెండు చోట్ల జాడ వదులుతుంది. ఒకటి పట్టిక, అంటే సమాచారం వరుసలుగా నిలిచి ఉండే చోటు. రెండవది లాగ్, అంటే ఏ మార్పు ఏ క్రమంలో జరిగిందో ఆ క్రమంలోనే నమోదయ్యే ఫైలు. పాత దుకాణాల లెక్కల్లో చిట్టాకూ ఆవర్జాకూ ఉన్న సంబంధమే వీటికీ ఉంది: రోజువారీ వ్యవహారం జరిగింది జరిగినట్టు చిట్టాకెక్కుతుంది, ఖాతాల వారీగా తేలిన నిలువ ఆవర్జాలో కనబడుతుంది. అయితే ఆవర్జాయే లేనప్పుడు చిట్టాలో ఏమి రాయాలన్న ప్రశ్న మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ చరిత్రలో 2005లో అక్షరాలా ఎదురైంది. దేనినీ దాచుకోని పట్టికలను ఆ డేటాబేస్ ఆ సంవత్సరం ప్రవేశపెట్టింది. వాటి మీద జరిగే మార్పులు లాగ్‌లోకి సరిగా ఎక్కుతున్నాయో లేదో పరీక్షించే క్రమంలో, లాగ్ అసలు దేనిని నమోదు చేస్తుందన్న మౌలికమైన విషయం బయటపడింది.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో మైకేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్‌ల చేతుల్లో రూపుదిద్దుకున్నది. దాని నిర్మాణంలో ఒక విభజన ఉంది. పై అంతస్తులోని సర్వర్ భాగం ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని చదివి, అర్థం చేసుకుని, ఏ క్రమంలో పని జరగాలో నిర్ణయిస్తుంది. కింది అంతస్తులో స్టోరేజ్ ఇంజిన్ అనే భాగం వరుసలను డిస్కు మీద రాయడం, వెతకడం, తీసివేయడం వంటి పనులు చేస్తుంది. ఈ కింది భాగాన్ని పట్టిక పట్టికకూ మార్చుకోవచ్చు. ఒక పట్టిక మైఐసామ్ ఇంజిన్‌లోనూ, పక్క పట్టిక ఇన్నోడీబీ ఇంజిన్‌లోనూ ఉండగలగడం ఈ డేటాబేస్‌కు ప్రత్యేకమైన లక్షణం.

2000లో వెలువడిన 3.23.15 కూర్పులో రెప్లికేషన్ వచ్చింది. ఒక సర్వర్‌లో జరిగిన మార్పులు మరో సర్వర్‌కు చేరి అక్కడ తిరిగి జరగడమే రెప్లికేషన్. మార్పులు మొదట జరిగే సర్వర్‌ను మూల సర్వర్ అనీ, వాటిని అందుకునే దానిని రెప్లికా అనీ నేడు వ్యవహరిస్తున్నారు. ఈ రవాణాకు ఆధారం బైనరీ లాగ్, వాడుకలో బిన్‌లాగ్. అప్పటి ప్రధాన ఇంజిన్ అయిన మైఐసామ్‌కు సొంత లావాదేవీల లాగ్ లేదు. తరువాత చేరిన ఇన్నోడీబీకి ఉన్నా అది ఆ ఇంజిన్ లోపలి వ్యవహారం, క్రాష్ తరువాత కోలుకోవడానికి మాత్రమే పనికివచ్చేది. అన్ని ఇంజిన్లకూ ఉమ్మడిగా పనిచేయాలి కాబట్టి బిన్‌లాగ్‌ను ఇంజిన్లలో కాక సర్వర్ అంతస్తులో నిర్మించారు. ఆ రోజుల్లో అది నమోదు చేసింది ఎస్‌క్యూఎల్ వాక్యాలను: మూల సర్వర్‌లో నడిచిన వాక్యం లాగ్‌లోకి ఎక్కేది, రెప్లికా దానిని చదివి తానూ నడిపేది. ఇంజిన్‌కు ఏమాత్రం సంబంధం లేకుండా లాగ్ నడవగలదన్న వాస్తవం ఈ నిర్ణయంలోనే ఇమిడి ఉన్నా, దానిని అప్పటికెవరూ ప్రత్యేకంగా వాడుకోలేదు.

ఆ వాస్తవాన్ని వాడుకున్నది 4.1.11 కూర్పులో వచ్చిన బ్లాక్‌హోల్ ఇంజిన్. ఈ ఇంజిన్‌లో పట్టికను సృష్టిస్తే దాని నిర్వచనం మాత్రమే ఒక చిన్న ఫైలుగా డిస్కు మీద ఏర్పడేది. మైఐసామ్ పట్టికకు ఉండే సమాచారపు ఫైలు గాని, ఇండెక్సు ఫైలు గాని దీనికి ఉండవు. ఇండెక్సులను నిర్వచించవచ్చు, వరుసలను చేర్చవచ్చు, ఏ దోషమూ రాదు. కాని చేర్చిన వరుస అక్కడికక్కడే మాయమవుతుంది, సెలెక్ట్ వాక్యం ఎప్పుడు అడిగినా ఖాళీ జవాబే ఇస్తుంది. పైకి నిష్ప్రయోజనంగా కనిపించే ఈ ఏర్పాటులో ప్రయోజనమంతా లాగ్‌లోనే ఉంది. వరుస పోయినా వాక్యం బిన్‌లాగ్‌లో నిలుస్తుంది, అక్కడినుండి రెప్లికాలకు చేరుతుంది.

దీని ముఖ్యమైన ఉపయోగాన్ని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ వివరంగా చెప్పింది. మూల సర్వర్‌లో వంద పట్టికలున్నా రెప్లికాకు కావలసినవి కొన్నే అయినప్పుడు, మొత్తం లాగ్‌ను నెట్‌వర్క్ మీదుగా పంపి అవతల వడపోయడం వృథా. అందుకు బదులు మూల సర్వర్ ఉన్న యంత్రం మీదనే రెండవ సర్వర్‌ను నడిపి, దాని పట్టికలన్నింటినీ బ్లాక్‌హోల్‌లో పెడితే, అది లాగ్‌ను చదివి, అవసరమైన మార్పులను మాత్రమే తన సొంత బిన్‌లాగ్‌లో తిరిగి రాసి, దూరపు రెప్లికాలకు అందిస్తుంది. డిస్కు మీద సమాచారమేదీ నిలవ ఉండదు కనుక ఈ మధ్యవర్తి భారం స్వల్పం. డంప్ ఫైలులో వాక్యాల వ్యాకరణం సరిగా ఉందో లేదో చూడడానికీ, లాగ్ రాయడానికి పట్టే అదనపు ఖర్చును కొలవడానికీ కూడా ఈ ఇంజిన్ పనికివచ్చింది. ఇంజిన్ ఏ పనీ చేయదు కాబట్టి, లాగ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ పట్టే కాలంలోని తేడా దాదాపు మొత్తం లాగ్‌దే అవుతుంది.

ఇటువంటి పట్టికను పరీక్షించడం మామూలు పట్టికను పరీక్షించడం వంటిది కాదు. మైఎస్‌క్యూఎల్ పరీక్షలు ఒక సరళమైన పద్ధతిలో నడుస్తాయి: ఒక ఫైలులో ఎస్‌క్యూఎల్ వాక్యాలు ఉంటాయి, దానికి జోడుగా ఉన్న ఫలితాల ఫైలులో ఆ వాక్యాలకు రావలసిన జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి, పరీక్ష నడిచినప్పుడు వచ్చిన జవాబును ఆ ఫైలుతో పోల్చి, ఒక్క గీత తేడా ఉన్నా విఫలమైందని ప్రకటిస్తారు. మామూలు పట్టికకు వరుసలు చేర్చిన తరువాత సెలెక్ట్ ఇచ్చి చూస్తే సరిపోతుంది. బ్లాక్‌హోల్ పట్టికకు సెలెక్ట్ ఇచ్చే ఖాళీ జవాబు ఇంజిన్ సరైనదేనని మాత్రమే చెబుతుంది, మార్పు జరిగిందా లేదా అన్నది చెప్పదు. అందువల్ల సాక్షిగా మిగిలేది లాగ్ ఒక్కటే. పరీక్ష రాసేవారు బిన్‌లాగ్‌లోని ఈవెంట్లను, అంటే ఒక్కొక్క నమోదును, వరుసగా చూపించే ఆదేశాన్ని ఇచ్చి, ఆ జాబితాను ఫలితాల ఫైలులోకి ఎక్కించారు.

ఆ జాబితాలో ప్రతి ఈవెంటుకూ ఫైలు పేరు, అది మొదలయ్యే స్థానం, రకం, సర్వర్ సంఖ్య, ముగిసే స్థానం, వివరం ఉంటాయి. వీటిలో స్థానం పరీక్షకు పెద్ద ఇబ్బంది. బిన్‌లాగ్ ఫైలు మొదటి నాలుగు బైట్లు ఆ ఫైలు రకాన్ని తెలిపే గుర్తు. ఆ వెంటనే లాగ్ రూపాన్ని వర్ణించే ఈవెంటు వస్తుంది. లాగ్ తొలి భాగం కూర్పు కూర్పుకూ పెరుగుతూ పోయింది. ఖాళీ లాగ్ ముగిసే స్థానం 5.0లో 98, 5.1లో 106, 5.5లో 107, 5.6లో 120, 5.7లో 154. అంటే ఒక కూర్పులో సరిపోయిన ఫలితాల ఫైలు మరుసటి కూర్పులో ఏ దోషమూ లేకుండానే విఫలమవుతుంది. దీనికి విరుగుడుగా స్థానాల గడులను ఒక మారని గుర్తుతో కప్పి పోల్చే అలవాటు పరీక్షల్లో స్థిరపడింది. ఏది కప్పాలో, ఏది కప్పకూడదో తేల్చుకోవడమే ఈ పనిలో నిజమైన నేర్పు.

లావాదేవీల పరీక్ష ఈ నేర్పుకు మంచి ఉదాహరణ. కొన్ని మార్పులను ఒక కట్టగా చేసి, అన్నీ జరిగినట్టు గాని అసలేదీ జరగనట్టు గాని చూడడం లావాదేవీ. కమిట్ దానిని ఖరారు చేస్తుంది, రోల్‌బ్యాక్ రద్దు చేస్తుంది. ఏమీ దాచుకోని పట్టికలో రద్దు చేయడానికి ఏముంటుందన్న సందేహం సహజమే. కాని బిన్‌లాగ్ వరకూ తేడా ఉంది: లావాదేవీ ముగిసేదాకా దాని ఈవెంట్లు ఒక తాత్కాలిక నిలువలో ఉండి, కమిట్ అయితేనే లాగ్‌లోకి పోతాయి. అందుకే పరీక్షలో ఒక వరుసను చేర్చి కమిట్ చేస్తారు, మరొక వరుసను చేర్చి రోల్‌బ్యాక్ చేస్తారు, ఆ పిమ్మట లాగ్ చూస్తారు. మొదటిది కనబడాలి, రెండవది కనబడకూడదు. పట్టిక రెండు సందర్భాలలోనూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి, రద్దు అనే భావనకు ఇక్కడ ఆధారం లాగ్ తప్ప మరేదీ లేదు. ఆటో ఇంక్రిమెంట్ విషయంలో, అంటే కొత్త వరుసకు సంఖ్య తనంతట తానే పడే చోట, ఇంతకంటే చిక్కైన పరిస్థితి ఏర్పడింది. గత సంఖ్యను ఇంజిన్ గుర్తుంచుకోదు గనుక ప్రతిసారీ అదే సంఖ్య లాగ్‌లోకి వెళ్లి, నిజమైన పట్టిక ఉన్న రెప్లికాలో రెండవ వరుస దగ్గరే కీ ఘర్షణ వస్తుంది. సంఖ్యను వాక్యంలోనో, సెషన్‌లోనో స్పష్టంగా ఇచ్చినప్పుడైనా అది లాగ్‌లోకి తప్పక చేరాలని పరీక్షలు పట్టుబట్టాయి.

ఈ చరిత్రలో అసలు మలుపు 2008 నవంబరులో స్థిరమైన కూర్పుగా వెలువడిన 5.1. అందులో బిన్‌లాగ్‌కు రెండవ రూపం వచ్చింది. వాక్యాన్ని రాయడానికి బదులు, ఆ వాక్యం వల్ల మారిన వరుసలను రాయడం ఈ రో (వరుస) రూపం. రెండింటినీ సందర్భాన్ని బట్టి వాడే మిశ్రమ రూపం మూడవది. యాదృచ్ఛిక సంఖ్యల వంటివి ఉన్న వాక్యం రెండు సర్వర్లలో రెండు ఫలితాలు ఇచ్చే ప్రమాదం రో రూపంలో ఉండదు, అందుకే దానికి ఆదరణ పెరిగింది. కాని బ్లాక్‌హోల్ పట్టిక ముందు ఈ కొత్త రూపం ఒక మౌలికమైన అడ్డంకిని ఎదుర్కొంది. ఇన్‌సర్ట్‌లో వరుస బయటినుండి వస్తుంది కనుక, ఇంజిన్ దానిని పారేసినా, సర్వర్ దానిని లాగ్‌లో రాయగలదు. అప్‌డేట్, డిలీట్ వాక్యాలు మాత్రం ముందుగా ఉన్న వరుసను వెతికి పట్టుకోవాలి; వరుసే లేనప్పుడు మారినదేదీ లేదు, మారినదేదీ లేనప్పుడు రాయవలసినదీ లేదు. వాక్య రూపంలో సజావుగా రెప్లికాకు చేరిన అదే డిలీట్, రో రూపంలో ఏ దోషమూ చూపకుండా అదృశ్యమయ్యేది. ఈ మౌనం దోషం కంటే ప్రమాదకరమైనది. తరువాతి కూర్పుల్లో ఇటువంటి సందర్భంలో వరుసల ఈవెంట్లు నమోదు కాలేదని తెలిపే హెచ్చరికను చేర్చారు. బ్లాక్‌హోల్ వాడేవారు వాక్య రూపాన్నే ఎంచుకోవాలని మాన్యువల్ సూచించింది.

రెప్లికా వైపు సమస్య దీనికి తిరగేసిన రూపంలో వచ్చింది. మూల సర్వర్‌లో నిజమైన పట్టిక ఉండి, మధ్యవర్తిలో బ్లాక్‌హోల్ ఉన్నప్పుడు, ఫలానా వరుసను మార్చమంటూ రో ఈవెంటు వస్తుంది. మధ్యవర్తి ఆ వరుస కోసం వెతికితే ఇంజిన్ లేదంటుంది, దాంతో రెప్లికేషన్ దెబ్బతింటుంది. దీనికి ఇచ్చిన పరిష్కారాన్ని దగ్గరగా చూడడం అవసరం. వరుసను వెతికే పని రెప్లికేషన్ థ్రెడ్ నుండి, అంటే అందిన మార్పులను రెప్లికాలో నడిపే భాగం నుండి వచ్చి, దాని వెంట ఎస్‌క్యూఎల్ వాక్యపు పాఠం లేకపోతే, అది రో ఈవెంటేనని భావించి, ఇంజిన్ వరుస దొరికిందని బదులిస్తుంది; మార్చడమూ తీసివేయడమూ విజయవంతమయ్యాయనీ చెబుతుంది; ఆ జవాబును నమ్మి సర్వర్ ఈవెంటును తన బిన్‌లాగ్‌లో తిరిగి రాస్తుంది. మిగిలిన అందరికీ మాత్రం పట్టిక ఎప్పటిలాగే ఖాళీ.

దీనికోసం రాసిన రెప్లికేషన్ పరీక్ష పట్టికను మూల సర్వర్‌లో మామూలుగా సృష్టించి, రెప్లికాలో దాని ఇంజిన్‌ను బ్లాక్‌హోల్‌గా మార్చి, చేర్చడం, మార్చడం, తీసివేయడం అనే మూడు పనులనూ ప్రాథమిక కీ లేని పట్టిక మీదా, ఉన్నదాని మీదా, మామూలు ఇండెక్సు ఉన్నదాని మీదా నడిపిస్తుంది; లాగ్ మూడు రూపాల్లోనూ ఇదంతా జరుగుతుంది. కీ ఉన్నదా లేదా అన్నది ఎందుకు ముఖ్యమంటే, వరుసను వెతికే దారి దానిని బట్టి మారుతుంది; ప్రతి దారిలోనూ ఇంజిన్ ఆ కల్పిత జవాబు ఇవ్వాలి. ప్రతి అడుగు తరువాత పరీక్ష మూడే ప్రశ్నలు వేస్తుంది: రెప్లికేషన్ ఇంకా నడుస్తోందా, పట్టిక ఖాళీగానే ఉందా, రెప్లికా బిన్‌లాగ్‌లో ఏదైనా చేరిందా. మూడవదానికి లాగ్ స్థానం ముందుకు కదిలిందో లేదో చూస్తే చాలు, లోపల ఏమున్నదీ చూడనక్కరలేదు. సంవత్సరాల తరబడి కూర్పులు మారినా ఈ పరీక్ష నిలిచి ఉండడానికి కారణం ఈ పొదుపే.

అయితే వాక్యపు పాఠం లేకపోవడాన్ని గుర్తుగా తీసుకోవడం బలహీనమైన పునాది అని తరువాత తేలింది. విడేనియస్ 2009లో మైఎస్‌క్యూఎల్ నుండి చీల్చి మొదలుపెట్టిన మరియాడీబీలో రో ఈవెంట్లకు ముందు అసలు వాక్యాన్ని వ్యాఖ్యగా జోడించే సదుపాయం ఉంది, 10.2 శ్రేణిలో అది అప్రమేయంగా అమలులోకి వచ్చింది. వ్యాఖ్య ఉన్నప్పుడు థ్రెడ్‌కు పాఠం ఉన్నట్టే కనిపించి, ఇంజిన్ పాత జవాబుకే మళ్లి, బ్లాక్‌హోల్ రెప్లికాలు విఫలమయ్యాయి. నిబంధనను సవరించి, ఆ పరిస్థితికే ప్రత్యేకమైన పరీక్షను చేర్చారు. మైఎస్‌క్యూఎల్ 5.6లో రెప్లికేషన్ పని అనేక వర్కర్ థ్రెడ్లకు పంచబడినప్పుడు కూడా, ఒకే థ్రెడ్‌ను గుర్తించే షరతును ఆ వర్కర్లందరికీ విస్తరించవలసి వచ్చింది.

ఇతర డేటాబేస్‌లు ఇదే ప్రదేశాన్ని వేరే దిశలనుండి చేరుకున్నాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2011లో 9.1 కూర్పులో తెచ్చిన అన్‌లాగ్డ్ పట్టికలు వరుసలను దాచుకుంటాయి కాని లాగ్‌లో రాయవు, క్రాష్ అయితే ఖాళీ అవుతాయి. దానికి ఎదురుగా 2016లోని 9.6 కూర్పు, పట్టికతో పని లేకుండా లాగ్‌లోకే ఒక సందేశాన్ని రాసే ఫంక్షన్‌ను ఇచ్చింది. వరుస ఉన్నట్టు నటించనక్కరలేని ఈ మార్గం నిర్మాణపరంగా మేలైనదనడంలో సందేహం లేదు. కాని ఉన్న అప్లికేషన్లలోని ఇన్‌సర్ట్ వాక్యాలను మార్చకుండానే పని జరిపించగల సౌలభ్యం బ్లాక్‌హోల్‌కే ఉంది.

5.7.7 కూర్పునుండి మైఎస్‌క్యూఎల్‌లో రో రూపమే అప్రమేయ రూపమైంది. 2023 జులైలో వచ్చిన 8.0.34లో లాగ్ రూపాన్ని ఎంచుకునే అమరికనే కాలం చెల్లినదిగా ప్రకటించి, మున్ముందు రో రూపం ఒక్కటే మిగులుతుందని సూచించారు. అదే జరిగితే మూల సర్వర్‌లోని బ్లాక్‌హోల్ పట్టిక మీద ఇచ్చిన అప్‌డేట్‌కు గాని, డిలీట్‌కు గాని లాగ్‌లో చోటు ఉండదు. ఇన్‌సర్ట్ ఒక్కటే తన వరుసతో సహా నమోదవుతుంది. మూడు రూపాలకోసం రాసిన పరీక్షల్లో వాక్య రూపానికి చెందిన ఫలితాల ఫైళ్లను ఆనాడు తొలగించవలసి వస్తుంది.