అబద్ధంలా వినిపించే నిజం – ఆకాశవాణిలో సమస్యాపూరణం

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ శిక్షణ కేంద్రాలకు పేరుపడిన ప్రాంతం. వికాస్ మార్గ్‌కు ఇరువైపులా ఉన్న మేడలలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు నిత్యం ఎదుర్కొనే ప్రశ్న ఒకటి ఉంది: ఈ క్రింది వాక్యాలలో సత్యమైనది ఏది? అదే దారిన యమునను దాటి పడమరగా సాగితే పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనం అంత దూరమేమీ కాదు. దశాబ్దాల పాటు తెలుగు వార్తలు ఢిల్లీ నుంచే వెలువడ్డాయి. జోళిపాళెం మంగమ్మ వంటివారి కంఠం వినిపిస్తే, చెప్పినది నిజమేనని ఎక్కడో గోదావరి తీరపు రచ్చబండ నమ్మేది. ఆ ఆకాశవాణియే, తెలుగునాట ఉన్న తన కేంద్రాల నుంచి, అబద్ధాన్ని కూడా ఆదరంగా ప్రసారం చేసింది. ఆ అబద్ధానికి సమస్య అని పేరు.

సమస్య అంటే పద్యంలో ఒక పాదం. చూడగానే అది అసత్యంగానో, అసంబద్ధంగానో, అనుచితంగానో తోచాలి. మిగిలిన పాదాలు కవి పూరించాలి. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మార్చరాదు. పూరణ ముగిసేసరికి ఆ అబద్ధం నిజమై నిలవాలి. వాత్స్యాయనుడు కామసూత్రంలో చెప్పిన అరవై నాలుగు కళల పట్టికలో కావ్యసమస్యాపూరణం కూడా ఉంది. అంటే దీనిని పండితుల పరీక్షగా కాక, నాగరికుల వినోదంగానే పూర్వులు లెక్కించారన్నమాట.

తెలుగువారికి ఈ వినోదం తెనాలి రామకృష్ణుని కథలతో పరిచయం. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న సమస్యను ద్వారపాలకుడు విసిరితే, రామకృష్ణుడు వాని నోరు మూయించే మొరటు పూరణ చెప్పాడట. అదే సమస్యను రాయలు అడిగేసరికి పాండవులు విరాటుని కొలువులో చేరిన వృత్తాంతాన్ని అందులో ఇమిడ్చాడట. ఏనుగుల వంటి వీరులు దోమ వంటి రాజును ఆశ్రయించవలసి వచ్చిందని భావం. ఇది చరిత్ర కాదు, చాటు కథ. అయినా సమస్య స్వభావం ఇందులో పూర్తిగా ఉంది. అబద్ధం ఒకటే, అడిగినవారిని బట్టి నిజాలు రెండు.

కొలువులు పోయిన తర్వాత ఈ విద్య సభలకెక్కింది. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి జంటగా ఊరూరా చేసిన అవధానాలు పద్యాన్ని సంస్థానం గడప దాటించి సామాన్యుల మధ్యకు తెచ్చాయి. అష్టావధానంలో ఎనమండుగురు పృచ్ఛకులు. ఒకరు అక్షరాన్ని నిషేధిస్తే, ఒకరు పొంతన లేని పదాలిచ్చి పద్యం చెప్పమంటారు. అప్రస్తుత ప్రసంగి పని మాత్రం అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే. ఆ చిలిపి ప్రశ్నలు, వాటికి అప్పటికప్పుడు వచ్చే చమత్కారపు సమాధానాల కోసమే సభకు వచ్చే శ్రోతలు ఎందరో. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు.

రేడియో వచ్చిన తర్వాత సభ మళ్లీ మారింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఉగాది కవిసమ్మేళనాలతో పాటు, సరస వినోదిని వంటి పేర్లతో సమస్యాపూరణ కార్యక్రమాలు శ్రోతల ఇళ్లకు చేరాయి. సమస్యను ప్రకటిస్తారు, శ్రోతలు పూరణలు రాసి తపాలాలో పంపుతారు, ఎన్నిక చేసినవాటిని చదివి వినిపిస్తారు. ఇది ఆశుకవిత్వం కాదు గదా అని అవధానప్రియులు అనవచ్చు. నిజమే, వేగం పోయింది. దానికి బదులుగా, సభలో పృచ్ఛకుని ఆసనం ఎన్నడూ దొరకని గుమాస్తా, బడిపంతులు, గృహిణి కార్డు ముక్క ఖర్చుతో కవుల వరుసలో చేరగలిగారు. ఉత్తరం చేరి పూరణ వినిపించేదాకా ఆ అబద్ధం ఇంటిల్లిపాది నోళ్లలో నానేది.

ఇంగ్లండులోనూ ఈ కోవకు చెందిన ఆట ఒకటుంది. బి.బి.సి. రేడియో 4లో 2006లో తొలిసారి వినిపించిన ‘ది అన్‌బిలీవబుల్ ట్రూత్’ను గ్రేమ్ గార్డెన్, జాన్ నైస్మిత్ రూపొందించారు, నిర్వాహకుడు డేవిడ్ మిచెల్. పాల్గొనేవారు నలుగురు. ప్రతి ఒక్కరూ ఒక విషయంపై పచ్చి అబద్ధాల ఉపన్యాసం ఇస్తూ, అందులో అయిదు నిజాలు దాచాలి. ఇతరులు నిజాన్ని పసిగట్టి బజరు నొక్కితే ఒక పాయింటు. అబద్ధాన్ని నిజమనుకుంటే ఒక పాయింటు పోతుంది. ఎవరికీ దొరకకుండా దాటించిన ప్రతి నిజానికీ ఉపన్యాసకునికే పాయింటు. హాస్యం వెనుక ఒక సూక్ష్మం ఉంది: నిజమే అన్నిటికన్నా నమ్మశక్యం కానిదై ఉండాలి.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. ఆ ఆటలోని నిజం లోకంలో ముందే ఉంది. విజ్ఞానసర్వస్వం తెరిస్తే దొరుకుతుంది. సమస్యలోని నిజం భాషలో పుట్టవలసిందే. ‘మృతము త్రాగి వేల్పులు చిరాయువులైరి’ అని సమస్య ఇచ్చారనుకుందాం. చావును తాగి బ్రతకడం పచ్చి అబద్ధం. పై పాదం చివర ఒక్క అకారం చేర్చితే అది అమృతమవుతుంది. క్షీరసాగరమథనం కళ్ల ముందు నిలుస్తుంది. ఇచ్చిన పాదం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ కిటుకుకు అచ్చుకన్న రేడియోయే అనువైన చోటు. కాగితం మీద పాదం ఎక్కడ విరిగిందో కంటికి తెలిసిపోతుంది, చెవికి తెలియదు. అందువల్ల భారమంతా చదివేవారి ఊపిరి మీద పడుతుంది. యతి, ప్రాస, పదవిభాగం ఎరిగిన వ్యక్తి అకారాన్ని తరువాతి పాదానికి అంటించి చదువుతాడు. ఎరగనివాడు పాదాంతంలో ఆగుతాడు. కవి కష్టపడి తెచ్చిన నిజం మళ్లీ అబద్ధంలోకి జారిపోతుంది. ప్రసార సంస్థలు ఉద్యోగ నియామకాలలో కంఠాన్నీ ఉచ్చారణనూ పరీక్షిస్తాయి. ఛందోజ్ఞానం కూడా ఆ లెక్కలోకి రావాలన్న వాదనకు ఈ కార్యక్రమమే గట్టి ఆధారం.

మరొక మేలు కూడా రేడియో వల్ల జరిగింది. పాత సమస్యలలో అనేకం స్త్రీల శీలాన్ని శంకించేవి. పతివ్రతకు అపవాదు అంటగట్టి, దానిని తొలగించమని కవిని అడగడం చమత్కారంగా చెల్లింది. పూరణ ఎంత గొప్పదైనా, ముందు విన్న నింద చెవిలో మిగిలే ఉంటుంది. ఆకాశవాణి నియమావళి అశ్లీలాన్నీ, పరువునష్టాన్నీ నిషేధించినందువల్ల సమస్య ఇచ్చేవారు వేరే అబద్ధాలు వెదుక్కోవలసి వచ్చింది. వ్యాకరణం, పురాణం, ఋతువులు, ఎన్నికలు, ధరలు, అన్నీ పనికివస్తాయి.

ఇక చిక్కంతా వినేవారి వైపు ఉంది. విరాటుని కొలువు కథ తెలియని శ్రోతకు ఏనుగులు దోమ గొంతులోనే ఉండిపోతాయి. పూరణ చదివి, వెంటనే భావం చెప్పే పద్ధతి అందుకే ఏర్పడింది. భావం మరీ పెరిగితే నవ్వు చస్తుంది. బొత్తిగా లేకపోతే పద్యం చస్తుంది. నడిపేవారికి ఉన్న వ్యవధి ఆ రెంటి మధ్య రెండు మూడు వాక్యాలే.