కురవిలో నాలుగు గవ్వలు

ఈమధ్య మా టీంలో బోర్డు గేముల పిచ్చి పట్టుకుంది. శుక్రవారం సాయంత్రం బిల్డు అయిందనిపించగానే ఎవరో ఒకరు పెట్టె తెరుస్తారు. మొన్నటిది సముద్రతీరం ఆట. అట్టబిళ్ళలు ఒక్కొక్కటే తీసి పక్కపక్కన పేర్చుకుంటూ పోవాలి. ఇసుక ఇసుకతో కలవాలి, అల అలతో కలవాలి, గొడుగులకీ గవ్వలకీ పాయింట్లు. అరగంటలో అయిపోతుంది, బుర్ర వేడెక్కదు. బాగానే ఉంది. నాకు మాత్రం బిళ్ళ మీది గవ్వ బొమ్మ చూడగానే అష్టాచెమ్మా మీదికి పోయింది మనసు.

మాది కురవి. 2017లో అప్పటి ముఖ్యమంత్రి వీరభద్రస్వామికి బంగారు మీసాలు సమర్పించారని పేపర్లలో చదివారే, ఆ కురవే. అంతకంటే చెప్పుకోవలసింది పదో శతాబ్దపు కొరవి శాసనం. ముదిగొండ చాళుక్యుల కాలానిది, తెలుగు వచనంలో ఉన్న పాత శాసనాల్లో ఒకటి. సరే, అసలు విషయం ఏమిటంటే, ఈ ఊరికి సముద్రం ఎటు చూసినా వంద మైళ్ళ పైమాటే. మరి మా అరుగుల మీద ఆడే ఆటకి గవ్వలెక్కడివి?

పందెం వేసే ఆ చిన్న గవ్వలకి పెద్ద గని మాల్దీవులు. 14వ శతాబ్దంలో అక్కడ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, దీవులవాళ్ళు గవ్వలిచ్చి బెంగాల్ నుంచి బియ్యం తెచ్చుకుంటారని రాశాడు. తర్వాత యూరప్ వర్తకులు ఇవే గవ్వల్ని ఓడలకెత్తి పశ్చిమాఫ్రికాలో మనుషుల్ని కొన్నారు. మన పక్కనున్న ఒరిస్సాలోనయితే 19వ శతాబ్దం మొదట్లో కూడా గవ్వలే డబ్బు. శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలని కంపెనీవాళ్ళు పట్టుబట్టడం 1817 పైకా తిరుగుబాటుకి ఒక కారణం. తెలుగులో దీనికి సాక్ష్యం కావాలంటే మ్యూజియందాకా వెళ్ళక్కర్లేదు. జేబులో "చిల్లిగవ్వ" లేదంటాం కదా! డబ్బుగా గవ్వ పోయింది, పాచికగా మాత్రం మిగిలింది.

ఆట సంగతి తెలియనివాళ్ళకి: అయిదు నిలువు, అయిదు అడ్డం, ఇరవై అయిదు గళ్ళు. బొగ్గుతోనో సుద్దతోనో గీస్తే బోర్డు తయారు. కాయలు అంటే చింతగింజలు, గాజుముక్కలు, గులకరాళ్ళు, ఏది దొరికితే అది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. గవ్వని నాణెంలా అనుకుంటే ఒక్కోదానికి పదహారింట ఒక వంతు అవకాశం. కానీ గవ్వ నాణెం కాదు, ఒకవైపు బుర్రగా ఉంటుంది, ఏ గవ్వ తీరు దానిదే. ఆడవాళ్ళు "నా గవ్వలైతేనే ఆడతా" అనడంలో లెక్క ఉంది మరి :-) గవ్వలు లేనివాళ్ళు చింతగింజల్ని బండ మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి వేసేవాళ్ళు.

మొత్తం సెట్టులో బయటినుంచి రావలసింది ఆ నాలుగు గవ్వలే. అందుకే మన ఆటలకి చరిత్ర రాయడం కష్టం. కొన్నది లేదు, అమ్మింది లేదు, పెట్టె లేదు, పెట్టె మీద పేరూ లేదు. 1896లో పచ్చీసునే కాస్త తేలిక చేసి ఇంగ్లండులో లూడో అని పేటెంటు పుచ్చుకున్నారు. 1988లో నురెంబర్గ్ బొమ్మల సంతలో పదమూడుమంది ఆటల రచయితలు, పెట్టె మీద మా పేరు వెయ్యకపోతే ఆట ఇవ్వమని బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద సంతకాలు చేశారు. పులిమేకలో మూడు పులులకి పదిహేను మేకలని ఎవరు సరితూచారో వాళ్ళకి ఏ అట్టముక్కా దొరకలేదు. (పదిహేనూ పెట్టేదాకా మేక కదలకూడదన్న ఆ ఒక్క రూలే ఎంత గొప్ప డిజైనో ఆడి చూడండి.)

పోనీ రాళ్ళ మీద గీతలున్నాయి కదా అంటారా? హంపి మండపాల్లో బోలెడు కనిపిస్తాయి. కానీ వాటితో ఒక చిక్కుంది. గుడి ఎప్పటిదో తెలిసినంత మాత్రాన గీత ఎప్పటిదో తెలియదు. ఈజిప్టులో కుర్నా గుడి రాళ్ళ మీద మన దాడి ఆటలాంటి పటం ఉందని, అది దాదాపు క్రీ.పూ. 1400 నాటిదని పార్కర్ 1909లో రాశాడు. ఆ గీతల్లోనే క్రైస్తవ శిలువలు కూడా ఉన్నాయని తర్వాతివాళ్ళు పట్టుకున్నారు. అంటే కొన్నయినా వెయ్యేళ్ళకి పైగా తర్వాత చెక్కినవే. కాబట్టి మన ఆటలకి అయిదువేల ఏళ్ళ చరిత్ర అని ఫార్వర్డు చేసేవాళ్ళు కాస్త ఆగాలని నా మనవి.

తేదీ తెలియని గీత కూడా గీతే. ఇప్పుడు పాత ఇళ్ళలో, చాలా గుడుల్లో బండలు పీకి టైల్సు, గ్రానైటు పరుస్తున్నారు. బిళ్ళలు పేర్చే ఆట అంటే నిజంగా ఇదీ! పరిచేముందు పక్కన ఒక స్కేలు పెట్టి ఫోనుతో ఒక ఫొటో తీస్తే అయిదు నిమిషాల పని. మేస్త్రీ ఏమీ అనడు.

రూల్సు మాత్రం ఫొటోకి అందవు. మా ఇంట్లో అవతలివాళ్ళ కాయ ఒక్కటైనా చంపకపోతే లోపలి గళ్ళలోకి రానివ్వరు. పక్కింట్లో ఆ పట్టింపు లేదు. రెండిట్లో ఏది పాతదని అడిగితే చెప్పగలిగేవాళ్ళు మా వీధిలో ఇద్దరున్నారు, ఇద్దరికీ ఎనభై దాటాయి. వచ్చే శివరాత్రికి ఊరెళ్ళినప్పుడు రికార్డరు పట్టుకెళ్తున్నాను.