ఇల్లు విడిచి వెళ్ళిన అమ్మాయి పాట

బీటిల్స్ బృందం 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ తెచ్చింది. వాళ్ళు తమకో కల్పిత బ్యాండు పేరు పెట్టుకుని, ఆ బ్యాండే కచేరీ చేస్తున్నట్టు రికార్డు నడిపించారు. కాన్సెప్ట్ ఆల్బమ్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఇదే. అందులో 'షీజ్ లీవింగ్ హోమ్' అనే పాట ఉంది. గిటార్లు, డ్రమ్ములు లేవు. నలుగురిలో ఒక్కరూ వాయిద్యం ముట్టుకోలేదు. వయొలిన్లు, చెల్లోలు వంటి తీగవాద్యాలు, ఒక హార్ప్, అంతే. ఎదిగే పిల్లలున్న ఇళ్ళలో మాత్రం ఒకసారి వినాల్సిన పాట.

ఆ ఫిబ్రవరిలో 'డైలీ మెయిల్' పత్రికలో ఒక వార్త పడింది. లండన్‌లో పదిహేడేళ్ళ అమ్మాయి, బాగా చదువుకుంటున్న పిల్ల, కారు కూడా వదిలేసి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఇక్కడ తనకు అన్నీ ఉన్నాయి కదా, ఎందుకు పోయిందో తెలియట్లేదని తండ్రి వాపోయాడు. పాల్ మెకార్ట్నీ అది చదివి పాట మొదలుపెట్టాడు. అప్పట్లో ఇంగ్లండులో 21 ఏళ్ళు నిండితేనే మేజరు. ఆ వయసు 18కి తగ్గింది 1970లో.

నాకు ఆశ్చర్యం వేసేది ఏమిటంటే, పాటలో తల్లిదండ్రులకీ గొంతు ఉంది. అమ్మాయి కథ మెకార్ట్నీ చెబుతుంటే, వెనక నుంచి పెద్దవాళ్ళ మాటలు జాన్ లెనన్ పాడతాడు. లెనన్‌ని పెంచింది వాళ్ళ పెద్దమ్మ మిమీ. చిన్నప్పుడు ఆవిడ నోట విన్న దెప్పుళ్ళే ఆ మాటల్లోకి వచ్చాయట. "నీకేం తక్కువ చేశాం?" అని మన ఇళ్ళలోనూ అంటాం కదా, అదే బాణీ. మెకార్ట్నీకి పద్నాలుగో ఏటే తల్లి పోయింది. పాట రాసేనాటికి అతనికి 24, లెనన్‌కి 26. ఆ వయసు కుర్రాళ్ళు పెద్దవాళ్ళని విలన్లు చేసేస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. చెయ్యలేదు. ఆ ఉత్తరం చూసిన తల్లి కుప్పకూలిపోవడం దగ్గర నా మనసు ఆవిడ వైపే వెళుతుంది.

ఆ పాట వెనకే ఇంకొకరి మనసు నొచ్చుకుంది. వాళ్ళ రికార్డులన్నీ చూసుకునే జార్జ్ మార్టిన్ వేరే పనిలో ఉంటే, మెకార్ట్నీ ఆగలేక వాయిద్యాల సంగీతం మైక్ లీండర్ చేత రాయించుకున్నాడు. మార్టిన్ బాధపడ్డాడు. అయినా వచ్చి ఆ వాద్యబృందాన్ని నడిపించాడు. హార్ప్ వాయించిన షీలా బ్రోంబెర్గ్, బీటిల్స్ రికార్డులో వాయించిన మొదటి మహిళ.

అసలు అమ్మాయి వెళ్ళింది పాటలోలా తెల్లవారుజామున కాదు, అమ్మానాన్నలు పనికెళ్ళిన మధ్యాహ్నం. పది రోజులకి దొరికింది. ఇంట్లో వస్తువులకు లోటు లేదు, ప్రేమే దొరకలేదని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. 1963లో ఒక టీవీ కార్యక్రమంలో పోటీ నెగ్గి ఆ పిల్ల బహుమతి అందుకున్నది మెకార్ట్నీ చేతుల మీదుగానే. పాట రాస్తున్నప్పుడు ఆ సంగతి అతనికి తెలియదు.