రేనాడు: మన కడప రాజులు రాయి మీద తెలుగు ఎందుకు రాయించారు?

ఏథెన్స్ పేరు స్కూల్లోనే వినుంటారు. చిన్న నగర రాజ్యం. అక్కడ సభలో తీసుకున్న నిర్ణయాల్ని జనం మాట్లాడే గ్రీకులోనే రాళ్ల మీద చెక్కించేవాళ్లు. ఇప్పుడు అలాంటి ఒక రాయి గురించి మాట్లాడుకుందాం. అది మన కడప జిల్లాలోనే, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఊరి చెన్నకేశవస్వామి గుళ్లో ఉంది.

'రేనాడు' అనే మాట 'సైరా' సినిమా చూసినోళ్లకి తెలిసే ఉంటుంది. ఆ రేనాడే ఇది. 6వ శతాబ్దంలో దీన్ని రేనాటి చోళులు ఏలారు. ఒకవైపు కంచి పల్లవులు, ఇంకోవైపు బాదామి చాళుక్యులు. ఇద్దరు పెద్దోళ్ల మధ్య చిన్న రాజ్యం. ఎప్పుడు ఎవరి వైపు ఉండాలో చూసుకుంటూ బతకాల్సిందే.

అప్పటిదాకా మన నేల మీద శాసనాలంటే ప్రాకృతం, తర్వాత సంస్కృతం. తెలుగు ఉంటే ఊరి పేర్లలోనో మనుషుల పేర్లలోనో కనిపించేది, అంతే. సుమారు 575లో ఎరికల్ ముతురాజు ధనంజయుడు పూర్తి తెలుగులో శాసనం వేయించాడు. అదే కలమళ్ల శాసనం. మనకి దొరికిన వాటిలో మొదటి తెలుగు శాసనంగా దీన్నే చెప్తారు. అందులో 'రేనాండు ఏళన్' అని ఉంటుంది, అంటే రేనాడుని ఏలుతుండగా అని. 'ఏలడం' అనే మాట మనం ఇప్పటికీ వాడుతున్నాం కదా!

మరి తెలుగే ఎందుకు? రేనాటి శాసనాల్లో ఎక్కువగా ఉండేది భూదానాలు. వాటిని 'పన్నస' అనేవాళ్లు. పొలం ఎవరికిచ్చారు, ఎంతిచ్చారు, సాక్షులెవరు, చెడగొడితే ఏ పాపం తగులుతుంది, ఇవన్నీ ఊరికి తెలియాలి. చదవడం రాని రైతుకి కూడా ఎవరైనా చదివి వినిపిస్తే అర్థం కావాలి. నాకు తోచిన కారణం ఇదే.

ఏథెన్స్‌లా ఇక్కడ సభలు లేవు, ఓట్లు లేవు. రాజు మాటే శాసనం. కానీ ఆ మాట జనానికి అర్థమయ్యే భాషలో ఉంది. మనమేమో ఫోన్లో ఇంగ్లీషు షరతులు చదవకుండానే 'ఐ అగ్రీ' నొక్కేస్తున్నాం. 2008లో తెలుగుకి ప్రాచీన భాష హోదా వచ్చింది, సంతోషమే. కానీ మన పొలం, మన అప్పు, మన హక్కు గురించిన కాగితం మనకి అర్థమయ్యే తెలుగులో ఉందా? అడగాల్సింది అదీ. ఈసారి ఎర్రగుంట్ల వైపు వెళ్తే కలమళ్లలో ఒకసారి ఆగండి.