అరవై మూడు పౌండ్ల సెలవు

అద్దెకి తీసుకున్న గదికి ఫోటోలో బాల్కనీ ఉంది. వెళ్ళి చూస్తే లేదు. మనం పోగొట్టుకున్నది ఎంత? బాల్కనీ ఖరీదా, ఆ రోజు అద్దెలో కొంత వాటానా, లేక ఆర్నెల్లుగా ఎదురుచూసిన ఆ సాయంత్రమా? వినడానికి చిన్న ప్రశ్నే. ఇంగ్లండు కోర్టులకి దీనికి సూటిగా జవాబు చెప్పడానికి మాత్రం దాదాపు వందేళ్ళు పట్టింది. ఆ జవాబు వచ్చిన కేసు న్యాయశాస్త్రం విద్యార్థులకి బట్టీపట్టాల్సిన ఒక పేరు. నాకు మాత్రం దాని తీర్పు ఒక చిన్న కథ చదివినట్టుంటుంది. నవ్వొస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది.

కథలో మనిషి పేరు జార్విస్. వయసు 35. లండన్ పరిధిలోని బార్కింగ్‌లో స్థానిక ప్రభుత్వ సంస్థలో సొలిసిటర్ ఉద్యోగం. ఏడాదికి రెండు వారాలే సెలవు. 1969 ఆగస్టులో స్వాన్స్ టూర్స్ అనే కంపెనీ బ్రోషర్ చూసి, క్రిస్మస్‌కి స్విట్జర్లాండ్‌లోని మోర్లియాల్ప్ అనే కొండఊరికి పదిహేను రోజుల యాత్ర బుక్ చేసుకున్నాడు. ఖర్చు 63.45 పౌండ్లు. బ్రోషర్‌లో ఏముందయ్యా అంటే: హోటల్లో దిగినవాళ్ళంతా ఒక హౌస్ పార్టీలా కలిసి గడుపుతారు. వెళ్ళగానే స్వాగత విందు. ఏడు రోజులు మధ్యాహ్నం టీ, కేకులు. కొవ్వొత్తుల వెలుగులో స్విస్ భోజనం. ఒక సాయంత్రం యోడ్లర్ పాటలు (ఆల్ప్స్ కొండల్లో గొంతు పైకీ కిందికీ విరుస్తూ పాడే పాటలు). హోటల్లోనే బార్. స్కీయింగ్‌కి కావలసినవన్నీ అద్దెకి దొరుకుతాయి. హోటల్ యజమాని వైబెల్ ఇంగ్లీషు మాట్లాడతాడు.

డిసెంబరు 20న జార్విస్ అక్కడికి చేరాడు. మొదటివారం హౌస్ పార్టీలో మొత్తం పదమూడు మంది. రెండోవారం వాళ్ళంతా వెళ్ళిపోయారు. ఇక పార్టీ అంటే జార్విస్ ఒక్కడే. మాట్లాడదామంటే వైబెల్‌కి ఇంగ్లీషు రాదు. కేకులంటే చిప్స్, ఎండిపోయిన నట్ కేకులూ. బార్ ఎక్కడో అనుబంధ భవనంలో ఉంది, అదీ ఒక్క సాయంత్రమే తెరిచారు. మొదటివారం స్కీలు పొట్టివే దొరికాయి. తరవాత మామూలు పొడుగువి దొరికాయి గానీ రెండు రోజులకే బూట్లు కరిచి మానేయాల్సొచ్చింది. ఇక యోడ్లర్ సాయంత్రం: ఊళ్ళో ఒకాయన పనిబట్టలతోనే వచ్చి, నాలుగైదు పాటలు గబగబా పాడేసి వెళ్ళిపోయాడు.

జార్విస్ తిరిగొచ్చి దావా వేశాడు. కింది కోర్టు న్యాయమూర్తి లెక్క చాలా తేలిక. డబ్బు తీసుకున్నారు, ఇస్తామన్నదాంట్లో సగం ఇచ్చారు, కాబట్టి సగం డబ్బు వెనక్కి ఇవ్వాలి. 31.72 పౌండ్లు. కిరాణా కొట్లో కేజీ పప్పు అడిగితే అరకేజీ తూచినప్పుడు మనం వేసే లెక్కే ఇది. దాంట్లో తప్పేముంది అనిపిస్తుంది కూడా.

ఆ లెక్క వెనక పాత చరిత్ర ఉంది. 1875లో హాబ్స్ అనే ఆయన కేసు ఒకటి తీర్పుకొచ్చింది. భార్యాపిల్లలతో వింబుల్డన్‌లో అర్ధరాత్రి రైలెక్కాడు. హాంప్టన్ కోర్ట్‌కి వెళ్ళాల్సిన వాళ్ళని రైలు ఈషర్‌లో దింపింది. బండి దొరకలేదు, ఉండటానికి చోటు దొరకలేదు. చినుకుల్లో అయిదు మైళ్ళు నడిచి ఇల్లు చేరారు. భార్యకి జలుబు చేసి మంచం పట్టింది. జ్యూరీ నడిచిన కష్టానికి 8 పౌండ్లు, భార్య జబ్బుకి 20 పౌండ్లు ఇమ్మంది. పై న్యాయమూర్తులు 8 పౌండ్లు ఉంచి, 20 కొట్టేశారు. కాళ్ళు పడ్డ కష్టం కంటికి కనిపిస్తుంది కాబట్టి సరే, వట్టి చిరాకుకీ ఆశాభంగానికీ మాత్రం ఒప్పందం కింద పరిహారం ఉండదని వాళ్ళ అభిప్రాయం. వ్యాపార ఒప్పందాల్లో మనసు ప్రసక్తి తెస్తే వ్యవహారం ఎక్కడికి పోతుందోనన్న భయం ఆ కాలపు న్యాయమూర్తుల్లో గట్టిగా ఉండేది.

1972లో జార్విస్ అప్పీలు లార్డ్ డెన్నింగ్, మరిద్దరు న్యాయమూర్తుల ముందుకొచ్చింది. అలాంటి పరిమితులకి కాలం చెల్లిందని డెన్నింగ్ తేల్చేశాడు. ఆయనిచ్చిన పోలిక ఇది. గ్లైండ్‌బోర్న్ ఒపేరాకి ఒకాయన దగ్గర టికెట్ ఉంది. ఆయన వెళ్ళగలిగింది ఆ ఒక్క రాత్రే. మాట్లాడుకున్న కారు రాలేదు. టికెట్ డబ్బులిచ్చేస్తే సరిపోతుందా? విహారయాత్ర ఒప్పందంలో అమ్మే సరుకే ఆనందం. అది ఇవ్వనప్పుడు కలిగిన నిరాశే అసలు నష్టం. అందుకని పరిహారం 125 పౌండ్లు. కట్టిన డబ్బుకి దాదాపు రెట్టింపు!

డెన్నింగ్ పెద్ద మనసే దీనంతటికీ కారణమనుకుంటే కథ సగమే చెప్పినట్టవుతుంది. హాబ్స్ కాలానికీ జార్విస్ కాలానికీ మధ్య సెలవు అనేదే మారిపోయింది. బ్రిటన్‌లో జీతంతో కూడిన సెలవుల చట్టం 1938లో వచ్చింది. యుద్ధం తరవాత 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన హొరైజన్ హాలిడేస్ పేరిట విమానంలో జనాన్ని కోర్సికా దీవిలోని కాల్వీకి తీసుకెళ్ళాడు. విమానం, బస, భోజనం అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. బస అంటే గుడారాలే. గుడారాలనే చెప్పి అమ్మాడు, జనం సంతోషంగా వెళ్ళారు. తరవాతి ఇరవయ్యేళ్ళలో గుడారాలు పోయి హోటళ్ళొచ్చాయి. బ్రోషర్లు రంగుల్లోకొచ్చాయి, అందులో మాటలూ రంగుల్లోకొచ్చాయి. ఏడాదంతా ఆఫీసులో కూర్చుని, ఉన్న రెండు వారాల్నీ ఎవరో రాసిన పేజీ మీద నమ్మకంతో ఖర్చుపెట్టే మధ్యతరగతి తయారైంది. జార్విస్‌కి 63 పౌండ్లు మళ్ళీ సంపాదించుకునే వీలుంది. ఆ ఏటి రెండు వారాలు తిరిగిరావు. కింది కోర్టు చూడనిదీ, పై కోర్టు చూసిందీ అదే.

తరవాతి రెండు కేసులు మనకి మరీ పొరుగువి, శ్రీలంకవి. మొదటిదాంట్లో ప్రతివాది ఎవరో కాదు, గుడారాల హొరైజన్ హాలిడేసే. జాక్సన్ అనే ఆయన భార్యాపిల్లలతో నాలుగు వారాల సెలవుకి సుమారు 1,200 పౌండ్లు కట్టాడు. బుక్ చేసిన హోటల్ కట్టడం పూర్తికాలేదని వేరే హోటల్ ఇచ్చారు. ప్రకటనలో ఉన్న ఈతకొలను లేదు, మినీ గోల్ఫ్ లేదు, పిల్లల గది గోడలకి బూజు. కోర్టు 1,100 పౌండ్లు ఇప్పించింది. అప్పీల్లో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఒప్పందం మీద సంతకం తండ్రిది, మరి భార్యాపిల్లల నిరాశకి కూడా ఆయన అడగొచ్చా? అడగొచ్చంది తీర్పు. ఆ తర్కాన్ని తరవాత హౌస్ ఆఫ్ లార్డ్స్ తప్పుపట్టింది గానీ, కుటుంబంతో యాత్రకెళ్ళిన ఎవరికైనా డెన్నింగ్ మాటే సబబనిపిస్తుంది. పిల్లలు ఏడుస్తుంటే తండ్రి ఒక్కడూ ఏం ఆనందిస్తాడు?

రెండోది ఒక ఏసీ గురించి. వింగ్స్ అనే కంపెనీ బ్రోషర్‌లో శ్రీలంకలోని ఒక హోటల్ పక్కన ఏసీ అని రెండక్షరాలు పడ్డాయి. గదుల్లో ఏసీ లేదు. 1981లో కంపెనీ పొరపాటు గుర్తించి తన సిబ్బందికి చెప్పింది. అప్పటికే బ్రోషర్లు జనం చేతుల్లో ఉన్నాయి. 1982లో ఒకాయన ఆ పాత బ్రోషర్ చూసి బుక్ చేసుకున్నాడు. అచ్చువేసినప్పుడు మాకు తెలియదు, తెలిశాక మేం ఆ మాట అనలేదు కదా అని కంపెనీ వాదన. 1984లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. బ్రోషర్‌ని ఎవరు ఎప్పుడు చదివితే అప్పుడు కంపెనీ ఆ మాట మళ్ళీ అన్నట్టేనంది. దీన్ని ఇప్పటి యాప్‌లకి పెట్టి చూడండి. రోజుకి ఎన్ని వందలమంది ఒకే పేజీని తెరిచి చూస్తుంటారో!

జర్మన్లు ఇంకాస్త ముందుకెళ్ళారు. యాత్రా ఒప్పందాల గురించి 1979లోనే సివిల్ కోడ్‌లో సెక్షన్లు చేర్చి, వృథా అయిన సెలవు కాలానికి కూడా పరిహారం అడగొచ్చన్నారు. 1985లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఏకంగా ఒక పట్టికే తయారుచేసింది. బాల్కనీ లేకపోతే యాత్ర ఖర్చులో 5 నుంచి 10 శాతం. సముద్రం కనిపించకపోయినా అంతే. ఈతకొలను లేకపోతే 10 నుంచి 20. గదిలో పురుగులుంటే 10 నుంచి 50. మిగతా కోర్టులు దీన్ని పాటించి తీరాలని లేదు, అదొక కొలబద్ద. చదువుతుంటే పెళ్ళిలో వడ్డించని పదార్థాలకి ధర కడుతున్నట్టుంటుంది. కానీ మూడువేల రూపాయల కోసం ఎవరితో ఎంతని వాదించాలో తెలియని మనిషికి అలాంటి పట్టిక ఎంత ధైర్యమో కూడా అర్థమవుతుంది.

నాకది అరకు దగ్గర అర్థమైంది. ఒక డిసెంబరులో అమ్మా, అక్కా, నేనూ రెండు రాత్రులకి ఒక ఇల్లు తీసుకున్నాం. యాప్‌లో నాలుగు మాటలు: లోయ కనిపించే వరండా, ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్ళు, చలిమంట, వంటమనిషి. వరండా ఎదురుగా కొత్త లాడ్జి లేచింది, లోయ దాని వెనక ఉంది. గీజర్ పనిచెయ్యదు. కట్టెలకి వేరే డబ్బులట. వంటమనిషంటే వాచ్‌మన్ భార్య, చంకలో చంటిపిల్ల. మేం భోజనం కూడా అక్కడేనన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. "నాకేటీ సెప్పనేదమ్మా" అన్నాడాయన, మా మొహాలు చూడ్డానికి ఇబ్బందిపడుతూ. అక్క గొంతు అప్పటికే లేచింది. అమ్మ మాత్రం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది. యజమాని హైదరాబాదులో ఉంటాడు. ఆ రాత్రే ఫోటోలు, పేజీ స్క్రీన్‌షాట్ కలిపి యాప్ ద్వారా ఆయనకి పంపాం. రెండు రోజుల తర్జనభర్జన తరవాత అద్దెలో మూడోవంతు వెనక్కొచ్చింది. నెల తరవాత చూస్తే ఆ పేజీలో ఇరవైనాలుగు గంటల వేడినీళ్ళు అలాగే ఉన్నాయి.

మన దగ్గరా దారి లేకపోలేదు. 1986 వినియోగదారుల రక్షణ చట్టం కింద మానసిక వేదనకీ పరిహారం ఇవ్వొచ్చని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనని విడిగా నిర్వచించింది. పైగా ఇల్లు అరకులో ఉన్నా, యజమాని ఇంకో ఊళ్ళో ఉన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. అంతకుముందే 1915 నంబరుకి ఫోన్ చేసి చూడొచ్చు. ఎక్కడికెళ్ళినా వాళ్ళు మొదట అడిగేది మాత్రం ఆ పేజీనే. బుక్ చేసిన రోజు పేజీలో ఏముందో చూపించగలగాలి. జార్విస్ కేసంతా నిలబడింది బ్రోషర్‌లోని మాటల మీదే. అప్పుడది అచ్చుకాగితం కాబట్టి ఎవరూ వెనక్కి వెళ్ళి దిద్దలేకపోయారు. ఇప్పటి పేజీని ఒక్క క్షణంలో దిద్దేయొచ్చు. కాబట్టి డబ్బు కట్టేముందే స్క్రీన్‌షాట్. లోపం కనిపించిన రోజే, అక్కడి నుంచే, రాతలో ఫిర్యాదు.

ఇంకో సంగతి కూడా ఆ తీర్పు చదివినప్పుడల్లా తోస్తుంది. బ్రోషర్‌లో సదుపాయాల జాబితాలో కొన్ని నిజానికి వస్తువులు కావు, మనుషులు. ఇంగ్లీషు వచ్చని రాసిన వైబెల్, యోడ్లర్, మా ఇంటి వంటమనిషి. వాళ్ళ పేరు మీద మాట ఇచ్చింది ఒకరు, ఎదురుగా నిలబడి మాట పడేది వాళ్ళు. కోర్టు 125 పౌండ్లు రాబట్టింది బ్రోషర్ అచ్చువేసినవాళ్ళ దగ్గరనుంచి. అది నాకు ఆ అంకె కన్నా ఎక్కువ నచ్చుతుంది. మన కోపం కూడా ఆ చిరునామాకే చేరాలి. ఆ యోడ్లర్ పనిబట్టలు మార్చుకోకుండా వచ్చాడంటే, బహుశా ఆ పూట పని ముగించుకుని నేరుగా వచ్చుంటాడు. తీర్పులో ఆయన పేరు లేదు.