రిజిస్టరుకెక్కని చరిత్ర

1895 జనవరిలో భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. అదే సంవత్సరం ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్, ఒక రంగుల కర్మాగారంలోని 45 మంది కార్మికులలో ముగ్గురికి మూత్రాశయంలో కణుతులు వచ్చాయని వైద్యుల సభలో వెల్లడించాడు. మొదటి సంగతి మనం సగర్వంగా చెప్పుకుంటాం. రెండవది, పటాన్‌చెరు ప్రాంతంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో నేను పనిచేసిన ఆరేళ్ళలో ఎవరి నోటా వినలేదు.

ఆ ప్రాంతపు చరిత్రకు మూలం బాలానగర్‌లో ఉంది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారంలో ఒక తరం రసాయనవేత్తలు ఆరితేరారు. 1970 నాటి పేటెంట్ల చట్టం, ఇతరులు కనుగొన్న మందును వేరే పద్ధతిలో తయారుచేసే వీలు కల్పించింది. వెనుకబడిన మెదక్ జిల్లాలో భూమి దొరికింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం, ఒకదాని వెంట ఒకటి పొగగొట్టాలయ్యాయి.

గేటు బయటికి పోయిన విషం కథ కొంత నమోదయింది. నక్కవాగు రంగు మారింది, పొలాలు చెడ్డాయి, పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఏళ్ళ తరబడి పోరాడారు, 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది, 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలయింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

గేటు లోపలి కథ మాటేమిటి? నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపవచ్చు. మనిషి పీల్చిన గాలి ఇరవై ఏళ్ళ తర్వాత గాని బయటపడదు.

మా ల్యాబులో మిథిలీన్ డైక్లోరైడును ఎమ్‌డీసీ అని ముద్దుగా పిలిచేవాళ్ళం. గాజు సామాను దానితోనే కడిగేవాళ్ళం, వేళ్ళకంటిన మరకలూ దానితోనే. (చల్లగా, హాయిగా ఉండేది.) 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్నవాటిలో చేర్చింది. పొగను లాగే ఫ్యాను చెడిపోతే కిటికీ తెరిచేవాళ్ళం. ఏటా వైద్యపరీక్ష జరిగేది, సంతకం పెట్టేవాళ్ళం, ఫలితం మాత్రం చూపేవారు కాదు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉంచాలనీ, అవి కార్మికుడికి అందుబాటులో ఉండాలనీ చేర్చారు. వృత్తిరీత్యా వచ్చే క్యాన్సరు తెలియజేయవలసిన వ్యాధుల జాబితాకెక్కింది. కాని ఆరు నెలలకొకసారి మారే కాంట్రాక్టరు కింద, బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చి వెళ్ళిపోయే మనిషికి ఏ రికార్డు ఉంటుంది? 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలి నలభై మందికి పైగా మరణించినప్పుడు, దేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు జరిపారు. అది ఒక్క క్షణంలో జరిగిన ఘోరం కనుక దేశమంతా చూసింది.

రేన్ గొప్పతనం శస్త్రచికిత్సలో కంటే లెక్కలో ఉందని నాకనిపిస్తుంది. ముగ్గురు రోగులు అతని ముందుకు వచ్చారు సరే, ఆ 45 అనే అంకె దొరక్కపోతే ఆ మూడుకు అర్థమేమిటి? మన దగ్గర ఆ అంకె లేదు.

రెండేళ్ళ క్రితం నా పాత సీనియరు ఫోన్ చేశారు. మూత్రాశయ క్యాన్సరు. "సిగరెట్టు తాగుతావా అని నాలుగుసార్లు అడిగారోయ్, ఏం పని చేశావని ఒక్కసారీ అడగలేదు. నువ్వు డైరీ రాసేవాడివి కదా, ఉందా?" అన్నారు. ల్యాబు నోటుపుస్తకాలు కంపెనీవి. నా జేబు డైరీ మాత్రం అటక మీద దొరికింది. 1998లో వరసగా పదకొండు వారాలు మా ఇద్దరి పేర్ల ఎదుట ఆర్థో టొలుయిడిన్ అని ఉంది. రేన్ చూసిన రంగుల కుటుంబానికి చెందినదే, మూత్రాశయ క్యాన్సరు విషయంలో నిర్ధారితమైనది. ఒక్క మనిషి జబ్బుకు కారణమిదేనని ఎవరూ తేల్చలేరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"అయినా ఫైల్లో పెట్టిస్తానోయ్" అన్నారు. ఆ పేజీలు జిరాక్సు తీయించి పంపాను. ఆయనకిచ్చిన మందుల్లో మిథోట్రెక్సేట్ ఒకటి, సుబ్బారావు బృందం పుణ్యమే. వచ్చే నెల నా పరీక్ష కూడా ఉంది. వెళ్ళేటప్పుడు డైరీ వెంట తీసుకువెళ్తున్నాను.