మద్రాసు రుమాలు – కరీబియను దీవులు

కరీబియను సముద్రమునందలి మార్టినీక్, గ్వాడెలూపు, డొమినికా, సెయింట్ లూషియా దీవులలో స్త్రీలు పండుగనాళ్ల ధరించు గళ్ల తలగుడ్డకు ‘మద్రాసు’ అని పేరు. జమైకాలో ఇట్టి గళ్ల వస్త్రమును ‘బందానా’ యందురు. ఆ దీవుల వారసత్వమును వస్త్రముల ద్వారా పరిశీలించు చిత్రకారులును, ప్రదర్శన నిర్వాహకులును ఈ గుడ్డ పుట్టుకను గూర్చి ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నకు సమాధానములో కొంత భాగము తెలుగు తీరమున కలదు.

ఈ వస్త్రమును భారతీయ కూలీలే ఆ దీవులకు కొనిపోయిరని ఒక అభిప్రాయము వ్యాప్తిలో నున్నది. ఫ్రెంచి దీవులలో బానిసత్వము 1848లో రద్దయిన పిదప, చెరకు తోటలలో పనికై ఒప్పందపు కూలీలు 1853లో మార్టినీకునకును, 1854లో గ్వాడెలూపునకును చేరిరి. వారిలో దక్షిణ భారతీయులు పెక్కుమంది. కాని పై అభిప్రాయము చిత్రముల సాక్ష్యమునకు నిలువదు. రోములో జన్మించిన అగస్టీనో బ్రూనియాస్ అను చిత్రకారుడు 1760ల మధ్యకాలమున వెస్టిండీసునకు వచ్చి, 1796లో డొమినికాలో మరణించెను. అతడు చిత్రించిన సంతదృశ్యములలో స్త్రీలు గళ్లు, చారలు గల తలగుడ్డలు ధరించియున్నారు. కూలీలతో వచ్చిన మొదటి ఓడకు అవి అర్ధశతాబ్దికి పూర్వపువి. బ్రూనియాస్ తోటల యజమానుల ప్రాపకమున జీవించినవాడగుటచే బానిసల బాధను చూపలేదు. అయినను గుడ్డ విషయమున అతని సాక్ష్యము విలువైనదే.

మరి కూలీలకంటె ముందు ఆ గుడ్డ అచటికెట్లు చేరెను? ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున వర్తకము ప్రారంభించిరి. డచ్చివారు పులికాటులో 1613లో కోట కట్టిరి. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని అనుమతితో ఇంగ్లీషువారికి మద్రాసు స్థలము లభించెను. నేడు విజయవాడ ఆటోనగరు ప్రక్కగా లారీలు సాగు బందరు రోడ్డు చేరునది ఆ పూర్వపు రేవుపట్టణమునకే. కంపెనీలు తీరపు బట్టలను ముందుగా లండను, ఆమ్‌స్టర్‌డాం నగరములకు చేర్చెడివి. రంగులద్దిన భారతీయ వస్త్రములను స్వదేశమున ధరింపరాదని ఇంగ్లండులో 1700లో శాసనము చేసిరి. ఇతర దేశములకు మరల ఎగుమతి చేయుటకు మాత్రము అడ్డు లేకుండెను. అందుచే అట్టి బట్టలకు పశ్చిమాఫ్రికా, కరీబియను దీవులు ముఖ్యమైన విపణు లయ్యెను. ఆఫ్రికా తీరమున మనుష్యులను కొనుటకు చెల్లించిన సరకులలో భారతీయ వస్త్రము ప్రధానమైనది. మగ్గము ముందు కూర్చుండిన నేతగాడు ఈ క్రయవిక్రయముల నెరుగడు. కాని మన వస్త్రవైభవమును వర్ణించు చరిత్రకారుడు దీనిని విస్మరింపరాదు. ఏ బట్ట నిచ్చి తమ పూర్వులను కొనిరో, అట్టి బట్టనే ఆ సంతతి స్త్రీలు గౌరవచిహ్నముగా శిరమున ధరించిరి. మార్టినీకులో తలగుడ్డ కొసలను నిలుపు తీరును బట్టి స్త్రీ అవివాహితయో, వివాహితయో తెలియునని చెప్పుదురు.

ఈ వస్త్రపు పేరులును పరిశీలింపదగినవి. స్కాట్లండులో అనుకరించి నేసిన గళ్ల రుమాలుకు ‘పుల్లికేట్’ అని వ్యవహారము కలదు. అది పులికాటు నామమే. మెక్సికోలోని ‘పాలియకాటె’ అను రుమాలు పేరును గూడ కొందరు పండితులు పులికాటుతో ముడిపెట్టిరి. ‘మద్రాసు’ మాట సరేసరి. ఇవన్నియు ఓడ యెక్కిన చోటి పేరులు; నేసిన చోటిని అవి నిశ్చయముగా తెలుపవు.

మద్రాసు రుమాలు పేరిట పశ్చిమాఫ్రికాకు ఎగుమతియైన బట్టను నేసిన ప్రదేశములలో చీరాల ప్రాంతము ముఖ్యమైనది. పడుగునందును, పేకయందును ముందుగా రంగువేసిన నూలును పేర్చి గళ్లు తెచ్చుట దాని పద్ధతి. ఆ ప్రాంతముననే పుట్టిన తేలియా రుమాలు దీనికి భిన్నము. దానికై నూలును నూనెలోను, బూడిద నీటిలోను పలుమారులు నానబెట్టి, చిట్టములు కట్టి రంగు వేయుదురు. ఈ రెంటిని ఒకటిగా భావించుట పొరపాటు.

బ్రూనియాస్ పటములోని గుడ్డ చీరాలదో, పులికాటుదో పటమును బట్టి నిర్ణయింప వీలులేదు. అందుకు వస్త్రఖండములు కావలెను. ఫోర్బ్స్ వాట్సన్ 1866లో 18 సంపుటములుగా కూర్చిన 700 వస్త్రఖండములు ప్రక్కన ఊళ్ల పేరులతో లభించుచున్నవి. వానితో మన నేతగాండ్ర యిండ్లలో మిగిలిన పాత నమూనాలను సరిపోల్చవలెను. గళ్ల తీరులకు, రంగులకు, పనిముట్లకు వారు వాడు మాటలను సేకరింపవలెను. మగ్గము మూలబడిన యింట ఆ మాటలును మూలబడుచున్నవి. కరీబియను పరిశోధకులు రేవువరకు వచ్చి నిలిచియున్నారు. రేవునుండి మగ్గమునకు దారి చూపుట తెలుగు పరిశోధకుల పని.